ఎర్ర బల్బు కింద ఏడు కప్పులు

ఆ మూలగదికి మంచి పేరు లేదు. "కాఫీ – త్వరలో" అని బోర్డు రాయించుకున్న అమ్మాయిని జ్వరంతో అంబులెన్సులో తీసుకెళ్లడం వీధంతా చూసింది. తిరిగి రావడం ఎవరూ చూడలేదు. చూడలేదు కాబట్టి పోయిందనే తేల్చేశారు. మూడు నెలలైంది. బోర్డు మీద "త్వరలో" అలాగే ఉంది.

అయితే పొద్దుగూకితే చాలు, సగం దించిన షట్టర్ కింద ఎర్రటి వెలుగు... లోపల్నుంచి చప్పుడు. జుర్రుమని ఒక పీల్పు. కాస్త ఆగి – థూ! ఏం పీలుస్తోందో, ఎవరిది పీలుస్తోందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఎదురుగా సైకిళ్లు బాగుచేసే అతనైతే సామాను సర్దుకుని పది గుమ్మాలు అవతలికి పోయాడు. "దెయ్యమైతే మింగాలి గానీ ఉమ్మడమేంటి?" అని మా అక్క అడిగితే, "నచ్చకపోయుంటుంది" అన్నాడట.

తర్వాతిదంతా మా బావ చెప్పగా విన్నది. బావ ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. పిరికివాడు, ఆ సంగతి ఆయనే ఒప్పుకుంటాడు. మూడు నెలలుగా ఆ గదికి "తాళం వేసి ఉంది" అని రాస్తుంటే పై అధికారి పిలిచి అడిగాడు – తాళం వేసిన గదిలో లైటు ఎవరు వేస్తున్నారయ్యా అని. బావ దగ్గర జవాబుంది గానీ ఆఫీసులో చెప్పుకునేది కాదు.

దాంతో ఒక సాయంత్రం, చీకటి పడుతుండగా, షట్టర్ కింద నుంచి దూరాడు.

ఎర్ర బల్బు. బల్ల మీద వరసగా ఏడు కప్పులు... అన్నింట్లోనూ నల్లగా ఏదో. వెనకాల ఆ అమ్మాయే. చెంచా నోటి దగ్గర పెట్టుకుంది – జుర్రు. పక్కన బకెట్లోకి – థూ.

తలెత్తి చూసింది.

"మీరు మా బంధువులు కాదు కదా?" అంది, చాలా మెల్లగా.

"కా... కాదమ్మా."

"అయితే కూర్చోండి."

దెయ్యం మాట కాదనలేక బావ కూర్చున్నాడు.

"ఇవి తాగి ఎలా ఉన్నాయో చెప్పండి. మొహమాటపడొద్దు."

మామూలుగా ఎవరేం పెట్టినా బాగుందనే మనిషి. కానీ ఎలాగూ చచ్చేవాణ్ణే, పోయేముందు అబద్ధమెందుకు అనుకున్నాడట.

మొదటిది తాగి బాగుందన్నాడు. రెండోది కాస్త చేదన్నాడు. మూడోది నోట్లో పోసుకుని బకెట్ కోసం వెతికాడు.

"ఛీ... ఇదేంటమ్మా? కాఫీయేనా ఇది?"

తన పని అయిపోయిందని బావ కళ్లు మూసుకున్నాడు. దెయ్యం ఏడవడం వినిపించింది.

"జ్వరంతో నా నాలుక పోయిందన్నా... రుచీ లేదు, వాసనా లేదు. వెనక తలుపున వచ్చి రోజూ జుర్రి చూస్తున్నా. అన్నీ వేడినీళ్లే. ఒకటో తారీఖుకి తెరవకపోతే గది ఖాళీ చెయ్యాలి. ఏ గింజ బాగుందో తెలీకుండా ఏం పెట్టి తెరవను?"

"మరి ఈ ఎర్ర లైటు?"

"రంగు చూసి మోసపోకుండా. రుచి చూసేవాళ్లు ఇలాగే పెట్టుకుంటారు."

"ఇంట్లోవాళ్లని అడక్కపోయావా?"

"అడిగాను. అమ్మ, అన్నయ్య, పెద్దమ్మ... అన్నీ బ్రహ్మాండం అన్నారు. మూడోదైతే మరీ బ్రహ్మాండమట." కళ్లు తుడుచుకుంది. "అది కాచి పారేసిన పిప్పి. పరీక్షకని మళ్లీ మరగబెట్టాను."

బావ నాలుగో కప్పు తన వైపు లాక్కున్నాడు.

ఒకటో తారీఖున షట్టర్ పూర్తిగా లేచింది. ఇప్పుడక్కడ కుర్చీ దొరకాలంటే నిలబడాలి. అంత మంచి కాఫీ నేనెక్కడా తాగలేదు. ఆ అమ్మాయి మాత్రం ఇంతవరకూ దాని రుచి ఎరగదు.