పాచిమాపకం

2091 నాటికి విశాఖలో పెళ్ళి భోజనాలు కూడా నిశ్శబ్దంగా సాగేవి. అత్తాకోడళ్ళ మీద ఎవరైనా జోకు వేస్తే చాలు, ఆ జోకు వేసినవాళ్ళ చెవి వెనక ఉన్న బఠాణీ గింజంత పాచిమాపకం అందరికీ వినబడేలా కూసేది: "నలభై లక్షలసార్లు విన్నది. పాచి." అప్పగింతల్లో కన్నీళ్ళు పెట్టుకుని మాట్లాడినా అంతే.

రికార్డయిన తెలుగు మాటలన్నీ ఆ యంత్రంలో ఉన్నాయి. ఏ సందర్భంలో ఏ మాట ఎందరు అన్నారో అది క్షణంలో లెక్కగడుతుంది. ఎవరూ అననిదైతే చిన్న గంట మోగిస్తుంది. ఆ గంట కోసం జనం పడి చచ్చేవారు.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ గొంతిన పైడిరాజుకి అరిగిపోయిన మాటంటే ఒళ్ళుమంట. తొలి పరీక్షలన్నీ సహశాస్త్రవేత్త అప్పలనర్సు మీదే చేశాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా రోజూ ల్యాబులోకి వస్తూ "ఏటి గురూ, ఇంకా బతికే ఉన్నావా?" అని నవ్వేవాడు. యంత్రం కూసేది, మిగతావాళ్ళు ఆయన్ని చూసి నవ్వేవారు. చివరికి ఆయన మాట్లాడటమే మానేశాడు. మొన్న మంగళవారం పోయాడు.

ఆయన నోరు మూయించింది తనేనని ఆయన భార్య గౌరమ్మ దగ్గర ఒప్పుకోవాలని పైడిరాజు బయల్దేరాడు. వాళ్ళింటి గేటు దగ్గర మెల్లగా అని చూసుకున్నాడు. "ధైర్యంగా ఉండమ్మా." పాచి. "నన్ను క్షమించమ్మా." పాచి. యంత్రం తీసి జేబులో వేసుకోవచ్చు. కానీ కనిపెట్టినవాడే తీసేస్తే లోకం ఏమంటుంది?

లోపలికెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. గౌరమ్మే మాట్లాడింది.

"ఆకర్న మీ కోసవే అడిగేరు అన్నయ్యా. 'పైడిరాజు రాలేదేటే?' అని."

పైడిరాజు కంగారుగా లేచాడు. "వెళ్ళొస్తానమ్మా" అనేశాడు.

గదిలో ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. చావింట్లో ఆ మాట అనకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

గంట మోగింది. "ఈ సందర్భంలో ఇంతవరకు ఎవరూ అనని మాట. సరికొత్తది. అభినందనలు!"

యంత్రం కనిపెట్టిన పదకొండేళ్ళలో పైడిరాజుకి మోగిన మొదటి గంట అది. అతని పెదవుల మీద నవ్వు మెరిసింది. అరక్షణమే. గౌరమ్మ చూసింది.

"మీ మిషను మెచ్చుకుంది కదా, సంతోషం" అని ఆమె తల తిప్పుకుంది.

సిగ్గుతో అతని ఒళ్ళంతా కాలిపోయింది. ఆమె కాళ్ళమీద పడి "తప్పయిపోయిందమ్మా" అనాలనిపించింది. నోరు తెరిచాడు. అది పాచి మాటని గుర్తొచ్చి, మళ్ళీ మూసుకున్నాడు.