ముప్పై రెండో వేషం

ముప్పై ఒకటో పరీక్ష కూడా నెగ్గింది. పడవ ముక్కుకి పూసిన రంగు మీద, ఉప్పునీళ్ళు కారుతుండగానే, మూడు బటన్లు తేలాయి. డాక్టర్ మృణాళిని తడిచేత్తో ఒకటి నొక్కి చూసింది. పనిచేసింది.

ఆ రోజులకి గోడలు, గొడుగులు, బస్సు అద్దాలు అన్నీ తెరలైపోయాయి. తెరపూత డబ్బాల్లో దొరికేది. పూసి ఎండబెడితే చాలు, ఆ ఎండతోనే నడిచేది. చిక్కల్లా ప్రోగ్రాములు రాసేవాళ్ళకే. గొడుక్కి రాసింది గోడకి పనికిరాదు, గోడకి రాసింది గడియారంలో పట్టదు. ప్రతి వస్తువుకీ మళ్ళీ మొదటినుంచి రాసుకోవాలి. ఆ చాకిరీ పడలేక మృణాళిని ఒక ఫ్రేమ్‌వర్క్ తయారుచేసి, దానికి 'పగటివేషం' అని పేరు పెట్టింది. అప్లికేషన్ ఒక్కసారి రాస్తే చాలు. వస్తువు వెడల్పెంతో, వంపెంతో, దాన్ని వేలితో తాకుతారో మోచేత్తో పొడుస్తారో పగటివేషమే కనుక్కుని, బటన్లనీ బొమ్మలనీ దానికి తగ్గట్టు తొడిగేది. మనిషి ఒకడే, పొద్దున్న దేవుడు, మధ్యాహ్నం పోలీసు.

దాన్ని మొదటిసారి జనం మధ్య పెట్టింది చింతలరేవు అనే చేపలరేవులో. డాక్టరని వినగానే ఇద్దరు దగ్గుమందు అడిగారు. ఆమె నవ్వి, తను తెచ్చింది తుఫాను మందని చెప్పింది. దూరాన ఉన్న పడవకి హెచ్చరిక చేరాలంటే ఉపగ్రహం సిగ్నల్‌ని గురిచూసి పంపాలి. అందుకు పడవ ఎంత దూరం వెళ్ళిందో తెలియాలి. పడవ జాడ చెప్పే పెట్టెలు ఉన్నాయి గానీ, చేపలున్న చోటు పక్కవాడికి తెలిసిపోతుందని నీళ్ళలోకి దిగగానే వాటిని ఆపేసేవారు. అందుకే పడవ ముక్కు మీద ఒకే ఒక్క ప్రశ్న పెట్టింది: "ఎక్కడికి వెళ్తున్నారు?" కింద మూడు బటన్లు. దగ్గర, కొంత దూరం, చాలా దూరం.

రెండువందల పన్నెండు పడవల్లో ఒక్కడూ బటన్ నొక్కలేదు. ప్రశ్న చూసినవాళ్ళు చూసినట్టే దిగి, ఇంటికెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరారు. మర్నాడు పడవ ముక్కులకి బురద పూశారు. బటన్లు చిన్నవయ్యాయేమోనని మృణాళిని పెద్దవి చేసింది. అంతకుముందే పరీక్ష నెగ్గిన తెడ్డు మీద పెట్టింది, ఐసుపెట్టె మీద పెట్టింది. పగటివేషం ఎక్కడా తడబడలేదు. అదే ప్రశ్న మాత్రం మనుషుల్ని వదలకుండా వెంటపడింది.

మూడోరోజు వాతావరణ కేంద్రం వాయుగుండం కబురు చెప్పింది. ఇంకో రెండు రోజుల్లో గాలి ముదురుతుంది. ఆ సాయంత్రం చేపలమ్మే పోలమ్మ వచ్చి, నెత్తిమీది తట్ట దించి ఎదురుగా కూర్చుంది.

"డాక్టరమ్మా, నీ రంగు మంచిదే. నోరే మంచిది కాదు."

"ఏం తప్పు మాట్లాడిందమ్మా?"

"ఎల్లీవోడిని ఎక్కడికని అడుగుతారేటి? అందులోనా సముద్రం మీదికి ఎల్లీవోడిని? నా కొడుకు దానయ్య రెండుసార్లు ఎనక్కొచ్చీసినాడు."

మృణాళిని నాలిక కరుచుకుంది. చిన్నప్పుడు ఆ మాట అన్నందుకే అమ్మమ్మ వీపు మీద ఒకటి వేసేది. ముప్పై ఒక్క వస్తువుల కొలతలు తీసిన మనిషికి ఆ దెబ్బ గుర్తురాలేదు. సిగ్గుపడింది.

"మరి వాళ్ళు ఎంత దూరం వెళ్ళారో మీకెలా తెలుస్తుంది?"

"అడగం. సూస్తాం. కవళ్ళ సేపల వల ఎత్తుకుంటే ఒడ్డు కనపడీ దూరమే. రొయ్యల వలైతే ఇంకాస్త లోపలికి. వంజరం వల ఏసుకున్నాడంటే ఒడ్డే కనపడదు. ఎనిమిదేళ్ళ కిందట మా దానయ్య అయ్య వంజరం వలే ఏసుకెళ్ళి తిరిగి రాలేదు. ఎంత దూరం ఎళ్ళాడో నాకు తెలుసు. అడిగీవోళ్ళే లేరు. తల్లీ, ఈసారి నన్నడుగు."

మృణాళిని ప్రశ్న కొట్టేసింది. దాని చోట మూడు వలల బొమ్మలు పెట్టింది. తెరపూత తెచ్చి పోలమ్మ తట్ట అడుగున పూసింది. పగటివేషానికి అది ముప్పై రెండో వేషం. మర్నాటికి రేవులో ప్రతి తట్టా పూత పూసుకుని, తన ఇంటి పడవతో జతపడింది. ప్రశ్న పోయిందని తెలిసి మగవాళ్ళు ముక్కుల మీది బురద కడిగేశారు.

ఐదోరోజు పొద్దున ఆకాశం తేటగా ఉంది. ఇలాంటి ఆకాశానికి భయపడడం ఏమిటని పడవలు బయల్దేరాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆడవాళ్ళు తట్టలు బోర్లించి, తమవాళ్ళు మోసుకెళ్ళిన వల మీద వేలు పెట్టారు. పోలమ్మ వేలు వంజరం వల మీద ఆగింది.

పదింటికి గాలి తిరిగింది. నలభై ఒక్క పడవలు ఒడ్డు కనపడని చోట ఉన్నాయి. సిగ్నల్ సరిగ్గా అటే వెళ్ళింది. నడిసముద్రంలో పడవ ముక్కులు ఎర్రబడి "వెనక్కి రండి" అన్నాయి. మూడింటికి నలభై వచ్చాయి. పోలమ్మ మృణాళిని చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. దానయ్య పడవ నాలుగున్నరకి, వల వదిలేసుకుని, మనుషులందరితో వచ్చింది.

"నేనక్కడున్నానని ఎవరు సెప్పీసినారు?" ఒడ్డు దిగుతూనే దానయ్య నిలదీశాడు.

"నీ వలే సెప్పింది," అని పోలమ్మ వాణ్ణి పట్టుకుని ఏడ్చేసింది.

ఇంతటితో అంతా సుఖమే అనుకుంటారు. మగవాళ్ళకి అసలు సంగతి అప్పుడు తెలిసింది: ఇన్నేళ్ళూ తాము దాచుకున్న చోట్లన్నీ ఇంట్లో తెలుసని. వారం తిరక్కుండా వలల మీద గోనెపట్టాలు కప్పి మోసుకెళ్ళడం మొదలుపెట్టారు. మృణాళిని కంగారుపడింది. పోలమ్మ పడలేదు.

"కప్పుకోనీ. సద్దిమూట కట్టీది మేమే కదా? ఎన్ని పూటలకి కట్టమంటే అంత దూరం."

వలల బొమ్మలు తీసేసి సద్దిమూటల బొమ్మలు పెట్టడానికి గంట పట్టింది. పగటివేషం ప్రతి వస్తువు మీదా పనిచేస్తుందని మృణాళిని రిపోర్టులో రాసింది. చింతలరేవుకి కావలసింది ఒక్క తట్టేనని మాత్రం రాయలేదు.

ఊరు వదిలే రోజు సామాను సర్దుకుని ఆమె బస్సు దగ్గరికొచ్చింది. పోలమ్మ ఎక్కడికని అడగలేదు, మళ్ళీ ఎప్పుడొస్తావనీ అడగలేదు. చేతిలో ఒక మూట పెట్టింది. బస్సు కదిలాక మృణాళిని విప్పి చూసింది. చేపల పులుసు, అన్నం.

ఒక్క పూటకే ఉంది.