కొంగ ఏ వైపు నిలబడింది?

అచ్చుబొమ్మల కోసం రాగిపలకలు చెక్కే లంబర్ట్ శవం సిరా తొట్టిలో బోర్లా పడి ఉంది. ఆముదంలా జిడ్డు, ఆమ్లం ఘాటు, పైగా నెత్తుటి వాసన. హార్లెమ్ నగర ఏజెంట్ వెసెల్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీవైపు తిరిగాడు.

"వాంతి తర్వాత చేసుకుందువుగాని," అన్నాడు చీఫ్ రూమర్. "స్పెయిన్ ముఠా మధ్యాహ్నం పన్నెండుకి కోటద్వారం పేల్చేస్తుంది. ఏ ద్వారమో తెలీదు. కోడ్ ఈయన చెక్కిన నక్క-కొంగ విందు బొమ్మలో ఉంది. కొంగ ఎడమనుంటే పడమటి ద్వారం, కుడినుంటే తూర్పుది. పిల్లలు చూసే బొమ్మలో! థూ!"

తూర్పు ద్వారం దగ్గరే వెసెల్ తల్లి ఉప్పుచేపలు అమ్ముతుంది.

లంబర్ట్ భార్య మాక్‌టెల్ట్ లేసు కాలరు సర్దుకుంటూ వచ్చింది. రెండేళ్లుగా ఆమె వీళ్ల ఇన్ఫార్మర్. మొగుడు పోయి గంటయినా కంట్లో తడి లేదు.

"ముఠావాళ్లు ప్రింట్లన్నీ పట్టుకుపోయారండీ. ఈ పలకొక్కటే దాచాను. చూడండి, కొంగ ఎడమపక్కనుంది."

"పడమర!" అని రూమర్ జనాన్ని తీసుకుని పరిగెత్తాడు. వెసెల్ సిరా ఆరని పలకను రుమాల్లో చుట్టి వెనకే బయల్దేరాడు.

వంతెన మీద వేళ్లకు జిడ్డు తగిలి రుమాలు విప్పాడు. బట్ట మీద బొమ్మ మసగ్గా అంటుకుంది. కొంగ కుడివైపుంది!

పలక మీది ఎడమ కాగితం మీద కుడవుతుంది. ముఠా చూసేది కాగితాన్నే. పదేళ్లు మొగుడి అచ్చుయంత్రం తిప్పిన మాక్‌టెల్ట్ ఇది మరిచిపోతుందా? మొగుణ్ణి చంపించి, ఊరినీ అమ్మేసింది. వెసెల్ కాలవలోకి కాండ్రించి ఉమ్మాడు.

తూర్పు ద్వారం చేరేసరికి చర్చి గంట మొదలైంది. కమాను కింద తుపాకిమందు పీపాలవైపు వత్తి చురచుర కాలుతోంది. పక్కనున్న తల్లి చేపల పీపాను ఒక్క తన్ను తన్నాడు. కుళ్లు ఉప్పునీళ్లు వరదలా పారాయి. పన్నెండో గంటకు వత్తి ఆరింది.

"ఒరే దరిద్రుడా! నెల్లాళ్లు ఊరేసినవిరా!" తల్లి నెత్తి కొట్టుకుంది. "నేను కుట్టిన రుమాలు కూడా తగలేశావా?"

"నీ ప్రాణం కాపాడిందే అదమ్మా."

"ముందు స్నానం చెయ్యి. కంపు!"

సాయంత్రానికి మాక్‌టెల్ట్ జైలు కొట్లో ఉంది. ఆవిడకు సూప్ ఎందులో పెట్టమంటారని కాపలావాడు అడిగాడు.

"కూజాలో," అన్నాడు వెసెల్. "మెడ సన్నగా, పొడుగ్గా ఉన్నది చూసి పెట్టు."