గుట్ట పైన మంచి రాయి

శవం ఫోటో టేబుల్ మీద పడేసి, పెద్దసారు చేతికంటిన నూనెని కర్టెన్‌కి తుడుచుకున్నాడు. ఏజెంట్ ముంగిస మొహం పక్కకి తిప్పుకున్నాడు. శవాన్ని చూసి కాదు.

"ఎరువుల ఫ్యాక్టరీ కెమిస్ట్. కొత్త లోడ్ ఫాస్ఫేట్ రాయిలో కాడ్మియం అనే విషం ఉందని మనకి చెప్పిన మర్నాడే చంపేశారు. విదేశీ ముఠా పని. ఇవాళ మధ్యాహ్నం ఆ రాయి మిల్లుకెళ్తుంది. పిండై యాసిడ్‌లో కలిసిందా, ఇక వేరు చెయ్యలేం. బస్తాల్లోంచి పొలానికి, పొలంలోంచి గింజకి, గింజలోంచి మన కిడ్నీలకి."

"వాళ్ళకేంటి లాభం?"

"మన ధాన్యం ఎవడూ కొనడు. వాళ్ళది కొంటారు." పెద్దసారు తీరిగ్గా త్రేన్చాడు. "లాబ్‌లో మన డబుల్ ఏజెంట్ ఉంది. నెమలి. వెళ్ళు."

ఛీ, తినే తిండిలో విషమా! ముంగిసకి ఒళ్ళు మండిపోయింది. మొదటి బస్తాలు చేరేది సొంత తమ్ముడి పొలానికే. దుక్కి దున్ని కూర్చున్నానని వాడు పొద్దున్నే ఫోన్‌లో ఒకటే గోల.

మెకానిక్ వేషానికి దొరికిన ఓవరాల్స్‌ని అంతకుముందు తొడిగినవాడికి సబ్బంటే పగ కాబోలు. ముక్కు బిగబట్టుకుని ముంగిస, రాయిని మిల్లుకి మోసే కన్వేయర్ బెల్టు దగ్గరికి చేరాడు. తెల్లటి దుమ్ము, కుళ్ళిన గుడ్ల కంపు. ఆ కంపులో సెంటు కొట్టుకుని, ఎర్ర లిప్‌స్టిక్‌తో నెమలి నిలబడి ఉంది.

"మిల్లులో దుమ్మెక్కువా?" అన్నాడు.

"ముక్కు మూసుకుంటే సరి." కోడ్ కలిసింది. "రాయి శుభ్రం. నేనే టెస్ట్ చేశా."

టార్చ్‌లైట్‌లా కనిపించే ఎక్స్‌రే స్కానర్‌ని పక్కనున్న రాళ్ళ గుట్ట మీద పెట్టాడు. పచ్చ లైటు. నిజంగానే శుభ్రం. ఎందుకైనా మంచిదని మోచేతి లోతు తవ్వి పెట్టాడు. ఎర్ర లైటు! శాంపిల్ ఎప్పుడూ పైపైనే తీస్తారు, కిందదాకా తవ్వే ఓపిక ఎవడికీ ఉండదు. ముఠా మంచి రాయిని పైన పరిచింది. సరే, మరి అది తెలిసిన నెమలి ఎందుకు తవ్వలేదు?

వెనక్కి తిరిగేసరికి ఆవిడ చేతిలో పిస్టల్.

"కెమిస్ట్‌ని కూడా నువ్వేనా?"

"పాపం, మంచివాడే. ఊరికే తవ్వేవాడు." నవ్వింది. "అటు తిరుగు. చేతులు బెల్టు పక్కనున్న ఆ ఎర్ర తాడు మీద పెట్టు, నాకు కనబడాలి."

బెల్టు కదిలింది. విషపు రాయి మిల్లు నోటికేసి పరిగెడుతోంది. ముంగిస బుద్ధిగా రెండు చేతులూ ఎర్ర తాడు మీద పెట్టి, ఒక్క గుంజు గుంజాడు.

ఏసీ లాబ్ దాటి రాని మనిషికి అది ఎమర్జెన్సీ తాడని ఏం తెలుసు? బెల్టు కీచుమంటూ ఆగింది. మొదటి రాయి మిల్లు అంచు మీద ఊగి నిలిచిపోయింది. సైరన్‌కి నెమలి ఉలిక్కిపడింది. ముంగిస మోచేయి తగిలి పిస్టల్ దుమ్ములో పడింది.

ఆవిడకి బేడీలు వేసి తీసుకెళ్తుంటే ఫోన్ మోగింది. తమ్ముడు.

"అన్నయ్యా, బస్తాలు ఇప్పట్లో రావట! ఎవడో పనికిమాలిన వెధవ బెల్టు ఆపేశాడట. వాడి చేతులు పడిపోను!"

ముంగిస తన చేతులకేసి చూసుకున్నాడు. వాటికీ కంపే.

"నిజమేరా, వట్టి వెధవ," అన్నాడు.