విక్టోరియా మోషేయెవ్నా

మొదటి రోజే ఆ అమ్మాయి మాస్టారితో తగువు పెట్టుకుంది.

"నా పేరెనక మా నాయిన పేరెందుకు సార్?"

అది 1966 జూన్. నాచారంలో చర్చి పక్కనున్న బళ్ళో, మూడో తరగతి పిల్లల బెంచీల మధ్య మోకాళ్ళు ఇరికించుకుని ఆరుగురం కూర్చున్నాం. మా ఫ్యాక్టరీకి రష్యా నుంచి మిషన్లు వచ్చాయి. వాటితో వచ్చిన లావుపాటి పుస్తకాలు చదివే దిక్కు లేదు. అందుకని మాస్కోలో మూడేళ్ళు ఉండి వచ్చిన గంగాధరరావుగారి చేత సాయంత్రాలు మాకు రష్యన్ చెప్పించాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఆర్నెల్ల కోర్సు.

"అక్కడ పెద్దవాళ్ళని వట్టి పేరుతో పిలవరమ్మా," అన్నారు మాస్టారు. "పేరు తర్వాత తండ్రి పేరు చేర్చి పిలుస్తారు. అది మర్యాద. మీ నాన్నగారి పేరు?"

"మోషే."

"అయితే నువ్వు విక్టోరియా మోషేయెవ్నా."

"మా ఊరి బళ్ళె అయ్య పేరు పెట్టి పిలిస్తె కొట్లాటలైతుండె సార్. గది మర్యాదెట్లయితది?"

నేను నవ్వాను. ఆమె గిరుక్కున తిరిగింది.

"మీ నాయిన పేరేంది?"

"త్రిమూర్తులు."

"బుచ్చిబాబు త్రిమూర్తులోవిచ్," అన్నారు మాస్టారు బోర్డు మీద రాస్తూ.

"గూడ్సు బండి వొయినట్టుంది," అందామె. క్లాసంతా నవ్వింది. మా నాన్న నిజంగానే మౌలాలిలో గూడ్సు గార్డు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నా తీరే అంత. డ్రాయింగు గదిలో రోజంతా గీతలు గీస్తాను. ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. తెలుగులో నోటిదాకా వచ్చిన ప్రతి మాటకీ వెనక ఎవరో నిలబడి ఉంటారు. 'క్షమించండి' వెనక గోడకుర్చీ వేయించిన పంతులు. 'ప్రేమ' వెనక సినిమా వాల్‌పోస్టరు. రష్యన్ మాటల వెనక ఎవరూ లేరు. అవి నన్ను ఎప్పుడూ తిట్టలేదు. నా చిన్నతనం వాటికి తెలియదు. బహుశా అందుకే ఆ క్లాసులో నేను కొంచెం గట్టిగా మాట్లాడేవాణ్ణి.

మాస్టారు రెండు నియమాలు పెట్టారు. తండ్రి పేరు చేర్చకుండా ఎవరు ఎవర్ని పిలిచినా బోర్డు తుడవాలి. శనివారం శనివారం ప్రతివాళ్ళూ తమకు నచ్చిన మాట ఒకటి తెచ్చి, ఎందుకు నచ్చిందో చెప్పాలి.

లేతు మిషను మీద పనిచేసే పాండురంగ మొదటి శనివారమే లేచాడు. "చాయ్, సార్. ఆడ గూడ చాయే. ఇగ మాస్కోల దిగినా నాకు ఫికర్ లేదు."

మరుసటి వారం 'పజాలుస్త' తెచ్చాడు. "దయచేసి అన్నా గదే. తీస్కోండ్రి అన్నా గదే. ఎవలన్న థాంక్స్ చెప్తె, పర్వాలేదన్నా గదే. ఒక్క పానాతోని మూడు నట్లు ఇప్పినట్టు."

విక్టోరియా తెచ్చిన మాట 'పచిముచ్క'. "ప్రతిదానికి ఎందుకు, ఎందుకు అని అడిగే పోరిని గట్ల పిలుస్తరంట. మా ఇంట్ల నన్ను నోరు మూస్కోమంటరు. ఆడ నాకొక పేరే ఉన్నది."

ఆమె స్టోర్సులో టైపిస్టు. అక్షరాలు చూడకుండా టైపు చేసినట్టే, నన్ను చూడకుండా నా మీద మాటలు విసిరేది.

నా వంతు వచ్చినప్పుడు 'దోష్ద్ ఇద్యోత్' అన్నాను. "మనం వాన పడుతోంది అంటాం. వాళ్ళు వాన నడుస్తోంది అంటారు. వాళ్ళ వాన నడిచి వస్తుంది."

"అయితె దెబ్బ తాకకుండ వస్తదన్నట్టు," అంది విక్టోరియా. మొదటిసారి నా వైపు చూసి అంది.

ఆ సాయంత్రం ఉప్పల్ వైపు నుంచి, చేలకడ్డంగా, వాన నిజంగానే నడుచుకుంటూ వచ్చింది. నా గొడుగు కింద బస్టాపు దాకా ఇద్దరం వెళ్ళాం. నా ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడిశాయి.

"ఏమన్న మాట్లాడుండ్రి, త్రిమూర్తులోవిచ్."

"దోష్ద్ ఇద్యోత్," అన్నాను.

"గది కనవడుతనే ఉన్నది," అంది. నవ్వింది.

సెప్టెంబరులో నేను తప్పు చేశాను.

ఆమె మాటలు రాసుకునే నోటుబుక్కు క్లాసులో మరిచిపోయింది. నేను తీసిపెట్టాను. మర్నాడు పొద్దున మొదటి సైరను వేళ ఫ్యాక్టరీ గేటు దగ్గర, గుంపులో నాలుగు వరసల ముందు ఆమె కనిపించింది. లోపలికి వెళ్ళిపోతుందేమోనని పిలిచాను. మూడు నెలల అలవాటు.

"విక్టోరియా మోషేయెవ్నా."

గేటు దగ్గర ఖాకీ చొక్కాలో నిలబడ్డది ఆమె తండ్రి మోషే. అక్కడ వాచ్‌మన్. ఆ సంగతి నాకు తెలుసు. పిలిచినప్పుడు మాత్రం గుర్తు లేదు.

"ఓ మోషే, నీ బిడ్డెను నీ పేరు పెట్టి పిలుస్తుండు సూడు," అన్నారెవరో. గుంపు నవ్వింది. మధ్యాహ్నం షిఫ్టుకల్లా ఫ్యాక్టరీ అంతా పాకింది. సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు బడిపిల్లల్లా సాగదీసి అరిచారు: "మోషేయెవ్నా, ఓ మోషేయెవ్నా." మోషే ఎవరి వైపూ చూడలేదు. వచ్చేపోయేవాళ్ళ టిఫిను డబ్బాలు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

నోటుబుక్కు ఇవ్వడానికి స్టోర్సుకు వెళ్ళాను.

"ఊళ్ళె మా నాయినను 'ఓరి మోషిగా' అనకుండ ఎవ్వలు పిలవలే," అంది ఆమె టైపు మిషను వైపే చూస్తూ. "ఈడికొచ్చినంక పదేండ్లకు ఆ పేరు జర నిలవడ్డది. నువ్వు దాన్ని మల్ల రోడ్డు మీద ఏసినవు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నేను కోరుకున్నదే. ఇలా కాదు.

రెండు శనివారాలు ఆమె క్లాసుకు రాలేదు. మూడో శనివారం నా మాట 'నిచెవో'. ఏమీ లేదు అని అర్థం. బాగున్నావా అన్నా, దెబ్బ తగిలిందా అన్నా వాళ్ళు అదే అంటారు.

పాండురంగ ఖాళీ బెంచీని చూశాడు. "గీడ బోర్డుకు జెప్తె ఏమొస్తది బుచ్చిబాబన్నా? ఇంటికి పో."

తండ్రి పేరు చేర్చకపోయినా మాస్టారు అతని చేత బోర్డు తుడిపించలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. దారి పొడుగునా తెలుగులో మాటలు కూర్చుకున్నాను. మోషే తెల్లచొక్కాతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య సువార్తమ్మ స్టూలు వేసింది. కూర్చోగానే మాటలన్నీ పోయాయి.

"తప్పయిందండి," అన్నాను.

"ఏం తప్పు?"

చెప్పాను. అక్కడ వట్టి పేరు చిన్నపిల్లలకనీ, పెద్ద ఇంజనీరునైనా తండ్రి పేరు చేర్చే పిలవాలనీ, క్లాసులో మా అందరికీ అదే పద్ధతనీ. మోషే మంచం మీద ముందుకు వంగాడు.

"అంటె, గంత సదువుకున్న సారు మా బిడ్డెను పిలిసినప్పుడల్ల నా పేరు పలుకుతడా?"

"పలుకుతారండి. గారు అన్నంత మర్యాదగా."

లోపల గదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నిన్నెట్ల పిలుస్తరు?"

"బుచ్చిబాబు త్రిమూర్తులోవిచ్."

మోషే మీసాల్లో నవ్వాడు. "పాపం మీ నాయిన." తర్వాత నవ్వు ఆపాడు. "అయితె రేపు గేటు కాడ పిలువు."

"అండీ?"

"పొద్దుగాల సైరను కాడ. అందరు ఇనాలె. నాకు జెప్పింది వాళ్ళకు గూడ జెప్పు. నేను జెప్పుకుంటె నవ్వుతరు."

బస్సులో టికెట్టు అడగడానికి గొంతు సవరించుకునే మనిషిని నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను ఆ మాటల్ని నా భయం దాచుకోవడానికి వాడుకున్నాను. వాటికి వేరే పని కూడా ఉంది.

సోమవారం తుంపర. గేటు నిండా గొడుగులు. ఆమె నన్ను చూసి తల తిప్పుకుంది.

"విక్టోరియా మోషేయెవ్నా," అన్నాను.

నవ్వులు మొదలయ్యాయి. నేను ఆగలేదు. అందరికీ వినపడేలా చెప్పాను. "ఇది వెక్కిరింపు కాదు. రష్యాలో గౌరవంగా పిలవాలంటే తండ్రి పేరు చేర్చి పిలుస్తారు. ఈమె మోషేగారి కూతురు. ఈ ఫ్యాక్టరీలో రష్యన్ పుస్తకం చదవగలిగేవాళ్ళలో ఈమెను మించినవాళ్ళు లేరు. అందుకని అలా పిలిచాను."

నవ్వులు తగ్గాయి. వెనక నుంచి ఎవరో మెల్లగా అడిగారు. "అన్నా, మా నాయిన వెంకటయ్య. నాదేమైతది?"

"వెంకటయ్యెవిచ్."

"మా నాయిన బసవరాజు. నాది?"

సైరను మోగింది. ఎవరూ కదల్లేదు. తండ్రులు పోయినవాళ్ళు కూడా తండ్రుల పేర్లు చెప్పి అడిగారు. ఆ పొద్దున ఫ్యాక్టరీ మొత్తం ఆలస్యంగా మొదలైంది. గేటు తీస్తూ మోషే నాకు మాత్రం వినపడేలా అన్నాడు. "పోండ్రి, త్రిమూర్తులోవిచ్."

విక్టోరియా నా పక్కనుంచి వెళ్తూ ఆగింది. "గింత గట్టిగ మాట్లాడొస్తదా నీకు?"

ఈసారి ఆ 'నువ్వు' వేరు.

శనివారం ఆమె బెంచీ ఖాళీగా లేదు. అక్టోబరు, నవంబరు అలా గడిచాయి. ఒకరోజు ఇంట్లో నాన్నతో చెప్పేశాను. ఆమె ఎవరో, వాళ్ళ నాన్న ఎవరో, వాళ్ళు ఏ చర్చికి వెళ్తారో అంతా. నాన్న చేతిలో ఉన్న గార్డు లాంతరు తుడుస్తూనే ఉన్నాడు. అద్దం మెరిశాక కూడా తుడిచాడు.

"ఆ అమ్మాయిని ఏమని పిలవాలన్నావు?"

"విక్టోరియా మోషేయెవ్నా."

"నోరు తిరగడం కష్టమే," అన్నాడు నాన్న. "నేర్చుకోవాలి."

నాన్నతో చెప్పగలిగాను. ఆమెతో మాత్రం చెప్పలేదు.

డిసెంబరులో చివరి శనివారం వచ్చింది. ఆ రోజుతో క్లాసులు ఆఖరు. మూడు రష్యన్ మాటలు కలిపి ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను. లేచి నిలబడ్డాను. రాలేదు. ఆర్నెల్లలో ఆ మాటల వెనకా ఒకరు వచ్చి నిలబడ్డారు. ఏ మాట పట్టుకున్నా ఆమే.

"ఇవాళ నా దగ్గర ఏమీ లేదు సార్," అని కూర్చున్నాను.

విక్టోరియా లేచింది.

"నాకిష్టమైన మాట డిక్షనరీల లేదు సార్."

"ఏమిటమ్మా అది?"

"బుచ్చిబాబోవ్నా."

మాస్టారి చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. "ఆ మాట ఉండాలంటే బుచ్చిబాబుకి కూతురుండాలి కదమ్మా."

"ఇంక పుట్టలే సార్."



"ఎందుకిష్టమో చెప్పు మరి," అన్నారు మాస్టారు మెల్లగా.

"ఈ మనిషి నోటితోని ఎట్లాగు జెప్పడు," అంది ఆమె బెంచీ చెక్క గీరుతూ. చెవులు ఎర్రబడ్డాయి. "ఇంట్ల కనీసం బిడ్డె పేరులన్న ఈయన పేరు ఇనవడనీ."

అందరూ నా వైపు తిరిగారు. లేచాను. నాకు ఒకే మాట దొరికింది. అది కూడా నాది కాదు, పాండురంగ తెచ్చింది.

"పజాలుస్త," అన్నాను.

"అగో," అన్నాడు పాండురంగ. "గిది ఏ నట్టుకన్నా?"

"మూడింటికీ," అన్నాను.