గొంతుకు ప్రవేశం లేదు

మోకాలి మీద ఎవరో రెండుసార్లు తట్టేసరికి హైమ ఉలిక్కిపడింది.

ఎదురుగా పసుపు గౌను వేసుకున్న పాప. ఆరేడేళ్ళుంటాయి. ఎవరి పిల్లో తెలియదు. పెదవులు కదుపుతోంది గానీ మాట వినపడటం లేదు. వినపడకూడదు కూడా. ఓడలోని ఈ నెమ్మది మందిరంలో అడుగుపెట్టిన ప్రతి పెద్ద మనిషి చెవి వెనకా కందిగింజంత స్వరజల్లెడ అంటుకుని ఉంటుంది. లోకంలోని చప్పుళ్ళన్నీ అందులోంచి జారి చెవిలో పడతాయి. పదేళ్ళలోపు పిల్లల గొంతు మాత్రం పైనే ఆగిపోతుంది.

పాప గోడవైపు వేలు చూపించింది. ఆ గోడ పైభాగమంతా ఒకే తెర. అందులో చారల చేపలు మెల్లగా ఈదుతున్నాయి.

"ఆఁ, చేపలు! బాగున్నాయి కదూ," అని హైమ తల ఊపింది.

పిల్లల పెదవులు కదిలితే తల ఊపాలి. అది ఈ కాలపు మర్యాద. ఏమంటున్నారో తెలియకపోయినా పట్టించుకోనట్టు ఉండదు. బల్లమీది పళ్ళెంలోంచి ఒక జీడిపప్పు బిస్కెట్టు తీసి పాప చేతిలో పెట్టింది. పాప ఆ బిస్కెట్టు వంకా, ఆమె వంకా కాసేపు చూసి వెళ్ళిపోయింది.

"చూశావా, ఎంత బుద్ధిమంతులో!" అంది పక్క కుర్చీలో కాళ్ళు చాపుకున్న వసంతలక్ష్మి. ఆమె హైమకు ఆడపడుచు. విశాఖపట్నం నుంచి అండమాన్ వెళ్ళే ఈ విహార నౌకలో ఖరీదైన టిక్కెట్లు తీసి, తమ్ముడి పెళ్ళాన్నీ మేనకోడల్నీ వెంటబెట్టుకొచ్చింది ఆమే. "నీ మొహంలోనే నెమ్మది లేదు. మళ్ళీ ఏటి గుబులు?"

"గుబులు కాదు వదినా. ఆ కిటికీ అద్దం అవతలంతా సముద్రమే కదా. అద్దం గట్టిదేనా అని."

"కాకపోతే నువ్వెళ్ళి పట్టుకో. ఓడెక్కగానే అందరూ గది ఎక్కడ, భోజనం ఎక్కడ అని అడిగారు. నువ్వు, ప్రాణాలు దక్కించుకునే పడవలు ఎక్కడ కట్టారని అడిగావు. ఆ కుర్రాడు బిత్తరపోయాడు."

"అడిగితే తప్పేటి? మునిగాక వెతుక్కుంటామా?"

ఎదుటి కుర్చీలోని కోదండపాణి గారు మీసాల చాటున నవ్వారు. ఎనభై దాటిన మనిషి. ఏడాదిలో సగం రోజులు ఓడల మీదే గడుపుతారట.

"ఈ మందిరాల తలుపుల మీద ఒకప్పుడు 'పిల్లలకు ప్రవేశం లేదు' అని రాసి ఉండేదమ్మా," అన్నారు. "ఆ బోర్డు పెట్టించడానికి పోరాడినవాళ్ళలో నేనొకణ్ణి. డబ్బు పోసి ప్రశాంతత కొనుక్కుంటే పక్కవాడి పిల్లాడి ఏడుపు మాకెందుకని మా వాదన. మేమూ డబ్బు పోశాం, పిల్లల్ని ఏ గట్టున దింపి రమ్మంటారని తల్లుల వాదన. ఒకసారైతే తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని ఈ గుమ్మంలోనే బైఠాయించారు."

"మరి ఎవరు గెలిచారండీ?" హైమకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"ఎవరూ గెలవలేదు. జల్లెడ వచ్చింది."

జల్లెడ వచ్చాక ఓడల్లోనే కాదు, రైళ్ళలో, హోటళ్ళలో, పెళ్ళి పందిళ్ళలో సైతం ఆ తగవు తెగిపోయింది. మందిరం గుమ్మం మీద ఇప్పుడు అందమైన అక్షరాలు మెరుస్తుంటాయి: 'పిల్లలకు ప్రవేశం కలదు. గొంతుకు ప్రవేశం లేదు.'

తర్వాత అది ఇళ్ళలోకీ వచ్చింది. కూతురు రేవ పుట్టిన కొత్తలో పాప కాస్త ఏడ్చినా హైమ గుండె దడదడలాడేది. ఊపిరాడక ఏడుస్తోందేమో, పురుగేదైనా కుట్టిందేమో అని రాత్రంతా దీపం ఆర్పేది కాదు. డాక్టరే జల్లెడ పెట్టుకోమంది. దానితోపాటు రెండు వస్తువులు ఇచ్చింది. తల్లి చేతికి ఆపద కంకణం: బిడ్డ భయంతోనో నొప్పితోనో ఏడిస్తే ఆ ఏడుపును పసిగట్టి వేడెక్కి వణుకుతుంది. బిడ్డ కాలికి జాడపట్టీ: ఎక్కడుందో ఎప్పటికప్పుడు చెబుతుంది. ఆ రెండూ ఉన్నాయన్న ధైర్యంతోనే హైమ ఇన్నాళ్ళూ నిద్రపోగలిగింది, కుట్టుమిషన్ దగ్గర కూర్చోగలిగింది.

ఆ ధైర్యంతోనే ఇప్పుడు రేవ కోసం చూసింది. చేపల గోడ దగ్గర పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో రేవ లేదు.

మరుగుదొడ్డిలో లేదు. తినుబండారాల బల్ల కింద లేదు. కుర్చీల వెనక లేదు.

"వదినా, పిల్ల కనపట్టం లేదు."

"కంకణం వణికిందా?"

"లేదు."

"జాడపట్టీ ఏమంటోంది?"

హైమ కంకణాన్ని నొక్కింది. 'పాప నెమ్మది మందిరంలోనే ఉంది' అంది తీయని గొంతు.

"ఉంది కదే మరి! కూర్చో. నీకు భయం లేకపోతే తోచదు."

కానీ హైమ అప్పటికే బయటి వసారా వైపు పరుగెత్తింది. అదీ మందిరంలో భాగమే. కమ్మీలు ఆమె ఛాతీ దాకా ఉన్నాయి. కింద, చాలా కింద, ఓడ పక్కనే నీళ్ళు తెల్లగా చీలిపోతున్నాయి. పట్టీ ఊడి ఇక్కడెక్కడో పడిపోయి, పిల్ల... ఆ పైన ఆలోచన సాగలేదు. మోకాళ్ళ మీద కూలబడి వసారా నేలంతా చేతులతో తడిమింది. పట్టీ లేదు. ఉంటే ఏమనుకోవాలో, లేకపోతే ఏమనుకోవాలో కూడా తెలియలేదు.

మందిరం చూసుకునే సుహాసిని నవ్వుతూ వచ్చింది. "కంగారు పడకండమ్మా. కంకణం చల్లగా ఉందంటే పాప క్షేమమే. ఈ ఓడ మీద ఇంతవరకూ..."

"ఇంతవరకూ సంగతి నాకొద్దమ్మా," అంటూ హైమ లోపలికొచ్చి, చెవి వెనక గోరు పెట్టి జల్లెడ పీకేసింది.

ఆమె కుర్చీ చేతిమీద ఎర్రదీపం వెలిగింది. చుట్టుపక్కలవాళ్ళు తల తిప్పారు.

"అయ్యో, ఇక్కడ తీయకూడదమ్మా!"

హైమ వినిపించుకోలేదు. ఇంతమంది పిల్లల గోల ఒక్కసారిగా మీద పడుతుందని, అందులోంచి తన బిడ్డ గొంతు ఏరుకోవాలని సిద్ధపడి నిలబడింది.

గోల లేదు.

చల్లటి గాలి గొట్టాల హోరు. చెంచాలు కప్పులకు తగిలే చప్పుడు. ఎవరో పెద్దావిడ దగ్గు. అంతే. జల్లెడ తీయకముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. పాడైందేమోనని అరచేతిలోని గింజను చూసుకుంది. అది అరచేతిలో ఉంది, చెవి వెనక లేదు. పిల్లలు ఎదురుగా ఉన్నారు. నవ్వుతున్నారు, ఒకరినొకరు తోసుకుంటున్నారు. గొంతులే లేవు.

"రేవా!" అని అరిచింది. మందిరమంతా ఉలిక్కిపడింది. జవాబు రాలేదు.

అప్పుడు గమనించింది ఆ చప్పుడును. టక్. టక్‌టక్. కాస్త ఆగి మళ్ళీ టక్. ఆ మాటకొస్తే పొద్దున్నుంచీ వింటూనే ఉంది. జల్లెడ ఆపేది గొంతులనే, చప్పుళ్ళను కాదు. ఓడన్నాక ఎక్కడో ఏదో కొట్టుకుంటుంది అనుకుని ఊరుకుంది. అందరూ అలాగే అనుకున్నారు.

చేపల తెర కింద గోడకు మెత్తటి గుడ్డ తొడిగి ఉంది. పిల్లలు దానికి అరచేతులు ఆనించి కూర్చున్నారు. ఒక పిల్లాడు వేళ్ళ కణుపులతో కొట్టాడు. కొట్టి, చెయ్యి ఆనించి, ఏదో అందినట్టు పకపకా నవ్వబోయి, చప్పుడు లేకుండా భుజాలు ఊపాడు.

హైమ వాళ్ళ మధ్య చతికిలబడి తనూ చెయ్యి ఆనించింది. గోడ లోపలినుంచి ఎవరో కొడుతున్నారు. చిన్న చెయ్యి.

"రేవ ఎక్కడుందమ్మా?" అని పసుపు గౌను పాపను అడిగింది.

పాప గోడను చూపించింది. పెద్దామె కళ్ళు తన పెదవుల మీదే ఉండటం చూసి ఆశ్చర్యపోయి, మెల్లగా నోరు విప్పింది. ఎన్నాళ్ళుగానో వాడని తలుపులా బొంగురుగా వచ్చింది మాట.

"ఇందాకే చెప్పాను కదా."

"నాకా?"

"దిండ్ల అరలోకి వెళ్ళింది, తలుపు మూసుకుపోయింది, రావట్లేదు అని చెప్పాను. నువ్వు తల ఊపావు. బిస్కెట్టు ఇచ్చావు."

బిస్కెట్టు ఇంకా ఆ పాప ఒళ్ళోనే ఉంది. కొరకలేదు.

సుహాసిని బొటనవేలు ఆనించగానే గోడలో ఒక పలక పక్కకు జరిగింది. లోపల దొంతరగా దిండ్లు. వాటి మీద రేవ. చేతి కణుపులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చెంపలు తడిసి మెరుస్తున్నాయి. ముక్కు కారుతోంది. వెక్కిళ్ళకు ఒళ్ళు ఎగిరెగిరి పడుతోంది. ఇంత ఏడుపులోనూ ఎక్కడా చిన్న శబ్దం లేదు. బిడ్డను గుండెలకు అదుముకున్నప్పుడు హైమ కంకణం ఇద్దరి మధ్యా నలిగింది. చల్లగానే ఉంది. అది వినడానికే పుట్టింది పాపం. వినడానికి ఏమీ దొరకలేదు.

"అమ్మని పిలవచ్చు కదా తల్లీ! అరవచ్చు కదా! ఇక్కడే ఉన్నాను కదే!"

రేవ ఆ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి గట్టిగా ప్రయత్నించింది. "అరిస్తే ఏమవుతుంది?" అంది చివరికి.

పెంకితనంతో అడిగిన మాట కాదు. నిజంగా తెలియక అడిగింది.

వసంతలక్ష్మి వచ్చి నిలబడింది. రేవ నోరు కదలడం మాత్రమే ఆమెకు కనపడుతోంది. "ఏటంటోందే?" అని అడిగింది హైమను.

"నువ్వే విను వదినా."

"ఎర్రదీపం వెలుగుతాది కదే..."

"వెలగనీ."

కోదండపాణి గారు కర్ర ఊతంతో లేచి నిలబడి అంతా చూస్తున్నారు. "మేము పిల్లల్ని బయట ఉంచమన్నాం," అన్నారు ఎవరినీ ఉద్దేశించకుండా. "లోపలికి రానిచ్చి ఇలా చెయ్యమని మేమూ అడగలేదు. బయటుంటే అరిచేవాళ్ళు. తలుపు బద్దలయ్యేలా అరిచేవాళ్ళు."

హైమకు గుండెదడ కాస్త తగ్గాక, దాని చోట ఇంకేదో వచ్చింది. భయంలాంటిదే గానీ భయం కాదు. గోడ దగ్గర నేలమీదే కూర్చుని, రేవను ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "లోపలినుంచి ఏం కొట్టావే?"

"మౌక్తికని పిలిచాను." రేవ వేలితో నేలమీద టక్ టక్‌టక్ అని కొట్టింది. పసుపు గౌను పాప వెంటనే తల ఎత్తింది. "ఇది మౌక్తిక. ఇది నేను." ఇంకో రకంగా కొట్టింది. "చీకటిగా ఉందని చెప్పాను. మేమున్నాంలే అన్నారు."

"ఎవరు నేర్పారు మీకు?"

రేవ భుజాలు ఎగరేసింది. బడిలోనూ ఇంతేనట. రైల్లోనూ ఇంతేనట. ఏ ఊరి పిల్లలు కలిసినా కాసేపు తట్టుకుంటే అర్థమైపోతుందట. నీళ్ళకు ఒకటి, ఆకలికి ఒకటి, ఓడకు కొత్తగా నిన్ననే ఒకటి పెట్టుకున్నారట. కుట్టుమిషన్ దగ్గర తను కూర్చున్నప్పుడు పక్కింటి గోడకు ఆనుకుని రేవ అలా గంటలు గంటలు వేళ్ళు ఆడిస్తుంటే, పిల్లకు ఏదైనా నరాల జబ్బేమోనని భయపడి డాక్టరుకు చూపించిన రోజు హైమకు గుర్తొచ్చింది.

"మరి అమ్మకి ఏదే? అమ్మని ఎలా పిలుస్తారు?"

రేవ మౌక్తిక వంక చూసింది. మౌక్తిక మిగతా పిల్లల వంక చూసింది.

"అమ్మకి తట్టడం లేదు," అంది రేవ. "పెద్దవాళ్ళందరికీ ఒకటే."

"ఏదీ, చూపించు."

పిల్లలందరూ ఒకేసారి, కళ్ళు సగం మూసి, పెదవుల మీద ఒక చిన్న చిరునవ్వు పెట్టుకుని, మెల్లగా తల ఊపారు.

చప్పుడు లేని నవ్వుతో వాళ్ళ భుజాలు ఎగిరిపడ్డాయి. వసంతలక్ష్మి కూడా ఏదో ఆట అనుకుని నవ్వి, తనూ తల ఊపింది. పిల్లలు మరీ నవ్వారు. హైమ వదిన మొహం వైపు చూడలేక కళ్ళు దించుకుంది.

సుహాసిని వంగి, చిన్న పళ్ళెంలో కొత్త జల్లెడ పెట్టి అందించింది. "అమ్మా, దయచేసి... మిగతావారికి ఇబ్బంది."

హైమ తీసుకోలేదు. రేవ గడ్డం పట్టుకుని, "ఇప్పుడు నాకు వినపడుతుంది. ఏదైనా చెప్పు," అంది.

రేవ చాలాసేపు ఆలోచించింది. తర్వాత తల్లి చెవి దగ్గరికి కూడా రాకుండా, ఉన్నచోటే, అలవాటు లేని బొంగురు గొంతుతో చెప్పసాగింది. లోపల దిండ్లు మంచు వాసన వేశాయట. ముందు చాలా భయమేసిందట. అప్పుడు...

వింటున్న హైమ తల, ఆమెకు తెలియకుండానే, మెల్లగా కిందికి వంగి పైకి లేచింది.

రేవ మాట అక్కడే ఆగిపోయింది.

హైమ రెండు చేతులతోనూ తన గడ్డాన్ని గట్టిగా పట్టుకుంది. "లేదమ్మా, లేదు, వింటున్నాను," అంది కదలకుండా. "దిండ్లు మంచు వాసన వేశాయి. నీకు భయమేసింది. అప్పుడు?"