పడవలో ఇద్దరే

ఆ అమ్మాయి నాతో ఒక్క మాటైనా మాట్లాడకముందే నా కాఫీ తీసుకెళ్లి వానలో పెట్టింది.

తప్పు నాదే లెండి. ఆఫీసు పనిమీద నేనుండే ట్రాయ్ నుంచి పక్క ఊరు ఆన్ ఆర్బర్ వెళ్లాను. పని ముగించుకుని బయటికి వచ్చేసరికి కుండపోత. ఎదురుగా కనిపించిన లైబ్రరీలోకి పరిగెత్తాను. లోపల పాత కాగితాల ఎగ్జిబిషన్ ఏదో నడుస్తోంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఒక చేతిలో లాప్‌టాప్ బ్యాగు, ఇంకో చేతిలో కాఫీ. దగ్గర్లో చదునుగా ఉన్న చోట కప్పు పెట్టి ఫోన్ తీశాను. ఆ చదునైన చోటు రెండొందల డెబ్బై ఏళ్ల నాటి కాగితం మీద మూసిన గాజుపలక అని నాకేం తెలుసు?

ఎవరిదో చెయ్యి వచ్చి కప్పు ఎత్తింది. చెయ్యి వెంట ఆకుపచ్చ స్వెట్టరు, ముడి వేసిన జుట్టు, ఆ ముడిలో గుచ్చిన పెన్సిలు కనిపించాయి. ఆ అమ్మాయి తలుపు తీసి, కప్పు బయట మెట్ల మీద పెట్టి, తలుపు మూసి, తాపీగా తిరిగొచ్చింది. మెడలో బ్యాడ్జి మీద దేదీప్య అని ఉంది.

"అది నా కాఫీ అండీ" అన్నాను, పేరు చూసిన ధైర్యంతో తెలుగులోనే.

"తెలుసండీ. అందుకే పారబోయలేదు" అంది.

నేను వెళ్లి చూసేసరికి కప్పులో అంచుదాకా వాన నిండింది. అక్కడే పారబోసి మళ్లీ లోపలికొచ్చాను. కోపంతో కాదు, అలాంటి జవాబు ఇంకొకటి వినాలనిపించి.

గాజు కింద ఒక తోలు కాగితం ఉంది. మీద ఓడ బొమ్మ. ఓడ కింది భాగమే ఉంది, తెరచాపల పైభాగం లేదు. కాగితం పై అంచు అలలు అలలుగా వంకర్లు పోయి ఉంది. ఎవరు చింపారని అడిగాను.

"చింపలేదు. కోశారు. కావాలనే" అంది దేదీప్య. ఆ తర్వాత ఆమె చెప్పింది విని నేను ట్రాయ్ వెళ్లాల్సిన సంగతే మరిచిపోయాను.

అప్పట్లో మధ్యధరా సముద్రంలో ఇంగ్లీషువాళ్లకీ, దక్షిణపు ఒడ్డున ఉన్న అల్జీర్స్‌వాళ్లకీ పడేది కాదు. దొరికిన ఓడని పట్టుకోవడం, మనుషుల్ని బందీలుగా తీసుకుపోవడం. పైరేట్స్ అన్నమాట అన్నాను నేను, పెద్ద తెలిసినట్టు. అల్జీర్స్ ఓడలకి వాళ్ల సర్కారు అనుమతి ఉండేదని ఆమె సరిదిద్దింది. అటువైపు మనుషుల్ని యూరప్‌వాళ్లు కూడా పట్టుకుని బానిసలుగా అమ్మారు, మరి వాళ్లనేమంటారు అని అడిగింది. 

చివరికి రెండు వైపులా విసిగిపోయి శాంతికీ వర్తకానికీ ఒప్పందం రాసుకున్నారు. కానీ నడిసముద్రంలో ఎదురైన ఓడ ఒప్పందం ఉన్న దేశానిదో కాదో తెలిసేదెలా? వీళ్ల రాత వాళ్లకి రాదు, వాళ్ల రాత వీళ్లకి రాదు. అందుకని ఓడకిచ్చే అనుమతి కాగితాన్ని, అంటే పాస్‌ని, ఇలా వంకరగా కోసి, పై ముక్క అల్జీర్స్‌కి పంపేవాళ్లు, కింది ముక్క ఓడకి ఇచ్చేవాళ్లు. అల్జీర్స్ కెప్టెన్ తన దగ్గరున్న ముక్కని దీనికి ఆనించి చూస్తాడు. అల అలకి సరిపోయిందా, ఓడని వదిలేస్తాడు.

అక్షరం ముక్క చదవకుండా ప్రాణాలు కాపాడిన కాగితం. నా ఉద్యోగం కార్ల కెమెరాలకి రోడ్డు మీద గీతలు గుర్తుపట్టడం నేర్పడం. అందుకు నాకు యాభై మంది టీము, ఒక గదినిండా కంప్యూటర్లు కావాలి. వాళ్లకి ఒక కత్తెర చాలింది. 

ఆ ఊపులో అనకూడని మాటే అన్నాను. "అంటే ఆ రెండు ముక్కలూ మేడ్ ఫర్ ఈచ్ అదర్ అన్నమాట."

దేదీప్య నవ్వింది. "ఒకే అచ్చులో వందలు కోసేవాళ్లండీ. ఆ జత ముక్కల్లో ఏదైనా దేనికైనా సరిపోతుంది. మీ సినిమా డైలాగు ఇక్కడ పనిచెయ్యదు."

ఆ తర్వాత శనివారాలన్నీ ఆన్ ఆర్బర్‌కే డ్రైవ్ చేశాను. పాత కాగితాల ఫొటోలు తియ్యడానికి వాలంటీర్లు కావాలని లైబ్రరీవాళ్లు బోర్డు పెడితే, ముందు పేరు నాదే. దేదీప్యది బందరు. చిరిగిన కాగితాలకి ప్రాణం పొయ్యడం ఆమె పని. నాది కాకినాడ. ఇద్దరిదీ సముద్రం ఊరే అని నేనంటే, బందరు చూసినన్ని ఓడలు కాకినాడ చూడలేదనేది. కాకినాడ కాజా ముందు ఏ ఓడా ఆగదని నేననేవాణ్ని. మంచు పడి కరిగేలోగా "అండీ" పోయి "నువ్వు" వచ్చింది. ఏప్రిల్లో, నా కప్పు వానలో తడిసిన ఆ మెట్ల మీదే, పెళ్లి చేసుకుందామా అని అడిగాను.

దానికి జవాబుగా దేదీప్య రెండేళ్ల కిందట జరిగిన సంగతి చెప్పింది. ఎవరో సంబంధంవాళ్లు తొమ్మిది మంది ఆమె అపార్ట్‌మెంట్‌కి వచ్చారట. ఒకావిడ ఫ్రిజ్ తీసి చూసింది. ఒకాయన వీసా కాగితాలు అడిగాడు. ఇంకొకావిడ బెడ్‌రూంలోకి వెళ్లి బీరువా తలుపు తీసి, బట్టలు ఎలా సర్దుకుంటుందో చూసింది. వెళ్తూ వెళ్తూ, పిల్ల బాగానే ఉంది, ఉద్యోగం మాత్రం ఐటీకి మార్చుకోవాలి అన్నారట.

"వాళ్లు వెళ్లాక నా ఇల్లు నాది కాదనిపించింది భానూ. ఎవరో పట్టుకుపోయినట్టు" అంది.

తర్వాత ఫోన్లో ఒక ఫొటో చూపించింది. 1682లో ఇంగ్లండుకీ అల్జీర్స్‌కీ జరిగిన ఒప్పందం. అందులో ఒక షరతు ఉంది. ఓడని తనిఖీ చెయ్యడానికి ఒకే ఒక్క పడవ రావాలి. తెడ్లు వేసేవాళ్లు కాక అందులో ఇద్దరే ఉండాలి. ఆ ఇద్దరు తప్ప మూడో మనిషి ఓడ ఎక్కాలంటే ఓడ కెప్టెన్ అనుమతి కావాలి. పాస్ చూశాక వెంటనే దిగి వెళ్లిపోవాలి.

"మీవాళ్లని రమ్మను. ఇద్దరే రావాలి. నేను పిలవకుండా మూడో మనిషి గడప దాటితే, మన సంగతి అక్కడితో సరి. మా అమ్మతో చెప్పాను. నీకు నచ్చితే నాకూ నచ్చినట్టే, ముందు వాళ్లు నీ ఇంట్లో ఎలా కూర్చుంటారో చూసుకో అంది."

నేను సరేనన్నాను. అనడం ఎంతసేపు?

మా నాన్నగారు భీమశంకరం, అమ్మ శేషమ్మ అప్పటికే ట్రాయ్‌లో నా దగ్గరున్నారు, ఆర్నెల్లు ఉందామని వచ్చి. వాళ్లతో ఈ షరతు చెప్పాలని రోజూ అనుకునేవాణ్ని. పిల్ల లెక్కపెట్టి పిలిచిందంటే అమ్మ ఏమనుకుంటుందో, నాన్నగారు ఏమంటారో! రేపు చెప్దాం అనుకుంటూ వారం గడిపాను. ఈలోగా అమ్మ అరోరాలో ఉన్న గీతాంజలి పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని ఐదు గంటలు కారు ప్రయాణం చేసి శనివారం సాయంత్రానికి దిగింది. వెంట బాబాయి, వాళ్లమ్మాయి ఆద్య. కార్లో ఒక సీటు ఖాళీగా ఉంది కదా అని బాబాయి చెల్లెలు కూడా. ఖాళీ సీటు చూస్తే మనవాళ్లకి ప్రాణం ఊరుకోదు.

ఆదివారం ఉదయం రెండు కార్లలో ఏడుగురం బయల్దేరాం. దారంతా వాన. దేదీప్య అపార్ట్‌మెంట్ ముందు కారు ఆపాక నా చేతులు స్టీరింగ్ వదల్లేదు. వెనక కార్లోంచి పిన్ని అప్పుడే కాజాల డబ్బాతో దిగుతోంది.

ఇక దాచి లాభం లేదు. నాన్నగారికి అంతా చెప్పాను. ఆ తొమ్మిది మంది సంగతి, ఫ్రిజ్ సంగతి, బీరువా సంగతి. ఫోన్లో ఆ షరతు తీసి చదివి, తెలుగులో అర్థం చెప్పాను. ఇప్పుడే చెప్తున్నావేమిట్రా అని అమ్మ తల పట్టుకుంది.

నాన్నగారు ఫోన్ తీసుకుని, కళ్లజోడు పైకి జరిపి తనే ఇంకోసారి చదివారు.

మా నాన్నగారు కాకినాడ పోర్టులో కస్టమ్స్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకి రావు, దూరంగా లంగరేసుకుంటాయి. ముప్పై ఏళ్లు లాంచీలో వెళ్లి, తాడు నిచ్చెన ఎక్కి, ఓడల కాగితాలు చూసిన మనిషి. ఇదంతా నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసీ నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

"మేమూ ఇద్దరమే ఎక్కేవాళ్లంరా" అన్నారు నెమ్మదిగా. "నేనూ, మా ప్యూనూ. మాకు రూలేం లేదు. పదిమంది ఎక్కితే ఓడలోవాళ్ల మొహాలు మారిపోతాయి. నిచ్చెన ఎక్కేవాడికీ భయమే, ఎక్కించుకునేవాడికీ భయమే. ఆ భయం తెలిసినవాడెవడో రాశాడు ఇది." మళ్లీ ఫోన్ చూసి, "ఎన్నేళ్ల కిందట అన్నావు?" అన్నారు.

చెప్పాను. ఆయన ఫోన్‌ని రెండు చేతులతో తిరిగి ఇచ్చారు, కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

తర్వాత కారు దిగి పిన్నితో చెప్పారు. "గీతా, మీరంతా కార్లోనే ఉండండి. మేమిద్దరమే వెళ్తున్నాం."

పిన్ని మొహం మాడిపోయింది. అరోరా నుంచి వచ్చింది కార్లో కూర్చోడానికా అంది. నేను గొడుగు తీసుకుని అమ్మ వెనకాల నడవబోయాను. నాన్నగారు ఆగి నా వంక చూశారు.

"నువ్వెక్కడికి? నేను ఒకటి, మీ అమ్మ రెండు."

నేను మూడో మనిషినని నాకు తట్టనే లేదు. వెళ్లి పిన్నివాళ్ల కార్లో వెనక సీట్లో కూర్చున్నాను. పెళ్లికొడుకు పార్కింగ్‌లో కూర్చున్న పెళ్లిచూపులు ఇంకెక్కడైనా జరిగాయో లేదో నాకు తెలియదు.

పావుగంట గడిచింది. అద్దాల మీద వాన కారుతోంది. ముందు సీట్లో పిన్ని డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆ పిల్లకి ఇంత టెక్కేమిటి అంటోంది. నేను ఆమెకీ ఆ బీరువా సంగతి చెప్పాను. నా పక్కనుంచి ఆద్య, "అమ్మా, నా రూమ్ అలా ఓపెన్ చేస్తే నేను కూడా మ్యాడ్ అవుతాను" అంది. పిన్ని డబ్బా మూత సర్దుకుంది. నేను మాత్రం మూడో అంతస్తు కిటికీ వంక చూస్తూ కూర్చున్నాను. వారం ముందే చెప్పాల్సిన మాట గుమ్మం దగ్గర చెప్పాను. దేదీప్య కిటికీలోంచి రెండు కార్లనీ చూసే ఉంటుంది. అన్న మాట నిలబెట్టుకోలేనివాడు ఎందుకని అనుకుంటే, అందులో అన్యాయం ఏముంది?

లోపల జరిగింది అమ్మ తర్వాత చెప్పింది. నాన్నగారు గుమ్మం బయటే ఆగి, మేమిద్దరమే అమ్మా, లోపలికి రావచ్చా అని అడిగారట. కూర్చున్నాక దేదీప్యని ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. మంచినీళ్లు తాగి, పది నిమిషాల్లో లేచి నిలబడ్డారట.

"చూశాం తల్లీ, ఇక దిగుతాం. చూశాక ఓడలో ఉండకూడదు. నీ కాగితాలేం చూపించక్కర్లేదు. మావాడి కాగితాలు నువ్వు సరిగ్గా చూసుకున్నావా, అది చెప్పు చాలు."

దేదీప్య ఏడ్చేసిందట. అమ్మ ఆమె దగ్గరికి వెళ్లబోయి, పిలవకుండా ముందుకి అడుగు వెయ్యవచ్చో లేదో తెలియక అక్కడే ఆగిపోయిందట. అమ్మ అలా ఆగడం చూసి దేదీప్యే వచ్చి అమ్మని పట్టుకుంది.

నాకు ఇవేవీ తెలియవు. నాకు తెలిసింది ఒకటే. కింది తలుపు తెరుచుకుంది. పసుపురంగు చీరలో, జుట్టు ముడిలో పెన్సిలు తియ్యడం మరిచిపోయిన దేదీప్య, గొడుగు లేకుండా వానలోకి వచ్చింది. నేరుగా పిన్ని వైపు అద్దం దగ్గరికి వెళ్లి వంగింది.

"పిన్నిగారూ, లోపలికి రండి. అందరూ రండి. మావయ్యగారు మీకోసం చూస్తున్నారు."

మావయ్యగారు. అంకుల్ కాదు.

పిన్ని నా వంక తిరిగి చూసింది. ఆ మాట ఆమెకీ వినబడింది. కాజాల డబ్బా దేదీప్య చేతిలో పెట్టి, తన చీర కొంగు తీసి ఆమె తల మీద కప్పి, తడిసిపోతున్నావు పదమ్మా అని నడిపించుకుపోయింది. బాబాయి, చెల్లెలు, ఆద్య వాళ్ల వెనకే వెళ్లారు.

నేను మాత్రం కార్లోనే ఉన్నాను. అందరూ రండి అంది, నిజమే. కానీ వారం రోజులు నోరెత్తనివాడు అందరిలోకి వస్తాడో రాడో.

ఐదు నిమిషాల తర్వాత దేదీప్య మళ్లీ వచ్చింది, ఈసారి గొడుగుతో. చేతిలో ఆవిర్లు కక్కుతున్న కాఫీ కప్పు. నేను అద్దం దించాను.

"ముందే చెప్పాల్సింది. భయపడ్డాను. సారీ" అన్నాను.

"అవును, చెప్పాల్సింది. మావయ్యగారు నీకంటే ధైర్యవంతులు" అంది. కప్పు నా చేతికిచ్చి, అందులో వాన పడకుండా మీద గొడుగు పట్టింది. "పద. ఇంట్లో ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో."